బాలమల్లు పేరున వచ్చిన బహుమతి

"నేను సంతకం పెట్టనే అమ్మా! నన్ను చంపినా పెట్ట!"

భాగ్యలక్ష్మి కాగితాలను మంచం మీదికి విసిరేసింది. అరుగు మీద కూర్చున్న గోపయ్య ఇబ్బందిగా దగ్గాడు. సాతంరాయిలోని ఇంటి జాగా కొనడానికి బయానాతో వచ్చాడాయన. పొలమంతా పోయాక ఆ తల్లీకూతుళ్ళకు మిగిలింది ఆ జాగా ఒక్కటే! తండ్రి దాన్ని కూతురి పేరున రాయించాడు కనుక ఆమె సంతకం లేనిదే అమ్ముడుపోదు.

"పెట్టకపోతే మీ బాపు ఆత్మ ఏం గావాలె?" తల్లి జంగమ్మ కాగితాలు ఏరి మళ్ళీ ముందు పెట్టింది. "పిట్ట కాడ మాటిచ్చిన బిడ్డా…"

భర్త బాలమల్లు పోయి నెల దాటింది. మూడోనాడు కాకి వచ్చి ముట్టాలని పిట్టకు పెట్టినప్పుడు విస్తట్లో కోడికూర, కల్లు, బీడీ కట్ట… ఆయనకు ఇష్టమైనవన్నీ ఉన్నాయి. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, ఒక్కటీ దిగిరాలేదు! గంట గడిచింది… రెండు గంటలు గడిచాయి… 'ఏం కోరిక మిగిలిపోయిందో పాపం!' అని చుట్టాలు గుసగుసలాడుతుంటే ఆ ఇల్లాలి గుండె చెరువైంది. "నీ లాటరీ పైసలు నేను ఇడిపిస్త! నువ్వు పరేషాన్ గాకు!" అంటూ చేతులు జోడించి బావురుమంది. ఆ మాట పూర్తయిందో లేదో, ఒక కాకి దిగివచ్చి ముద్ద ముట్టింది! ఇక ఆమెను ఆపడం ఎవరి తరం?

ఆ లాటరీ సంగతి తలుచుకుంటేనే భాగ్యలక్ష్మికి ఒళ్ళు మండిపోతుంది! బాలమల్లు శంషాబాద్ విమానాశ్రయంలో కారు నడిపేవాడు. డ్యూటీలు మెయిల్‌లో పంపుతామని కంపెనీ వాళ్ళంటే, కూతురే ఆయనకొక మెయిల్ తెరిచి ఇచ్చింది. ఆ పాడు ఉత్తరం అందులోకే వచ్చింది… లండన్ లాటరీలో మూడు కోట్లు తగిలాయని! ఆయన జన్మలో టికెట్ కొన్నవాడు కాదు. ముందు ఫీజన్నారు, తర్వాత పన్నన్నారు, ఇంట్లో కూడా చెప్పవద్దన్నారు. పొలమంతా అమ్మి కట్టాడు. చివరికి చెక్కు తీసుకుని తెల్లదొర ఒకడు విమానంలో దిగుతున్నాడన్నారు. పేరు రాసిన బోర్డు పట్టుకుని ఎందరో దొరల కోసం ఎదురుచూసిన మనిషి కదా! ఆ లేని దొర పేరు కూడా అట్టముక్క మీద రాసుకుని మూడు రోజులు గేటు దగ్గర నిలబడ్డాడు. నాలుగోనాడు బోర్డు చేతిలో ఉండగానే కుప్పకూలాడు. దవాఖానకు చేర్చేలోగానే ప్రాణం పోయింది.

మనిషి పోయినా ఉత్తరాలు ఆగలేదు! 'ప్రియమైన బాలమల్లు గారూ…' అంటూ వస్తూనే ఉన్నాయి. ఆఖరి ఫీజు ఎంతో జంగమ్మ నెట్ సెంటర్‌లో చదివించుకుంది. గూట్లో ఆయన ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడి వాకిలి వైపు చూసేది. దాన్ని ఎత్తడానికి మాత్రం చేతులు వచ్చేవి కావు.

"టికెట్ కొనకుండ లాటరీ ఏందమ్మా? గెలిచినోళ్ళే ఎదురు పైసలు కట్టుడేంది?" భాగ్యలక్ష్మి బతిమాలింది. "మా కాలేజీల గూడ గిదే ఉత్తరం ఎంతమందికి వచ్చిందో! అందరికీ గదే మూడు కోట్లు!"

"మరి మీ బాపు పేరు, ఊరు వాళ్ళకెట్ల తెలిసె?"

"బాపునే ఫారం నింపి పంపిండమ్మా…"

అంతలో గూట్లో ఫోను మోగింది! ఆ రోజు ఏ మొండితనం వచ్చిందో, జంగమ్మ చప్పున తీసింది. కూతురు స్పీకరు నొక్కింది.

"నమస్కారం మేడమ్! బాలమల్లు గారి శ్రీమతేనా? ఆఖరి ఫీజు ఈరోజే కట్టాలండి."

"ఆయన…" అని జంగమ్మ నోరు తెరిచిందో లేదో, అవతలి గొంతు అందుకుంది.

"ఆయన పొద్దున్నే మాతో మాట్లాడారండి! మా ఆవిడ కడుతుందని ఆయనే చెప్పారు."

జంగమ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అడిగింది.

"పొద్దున మాట్లాడిండా…? ఎట్లున్నడు?"

"బాగున్నారండి! చాలా సంతోషంగా ఉన్నారు."

"అన్నం… అన్నం తిన్నడంటనా?"

"తిన్నారట మేడమ్. డబ్బు ఎన్నింటికి వేస్తారు?"

జంగమ్మ కళ్ళు ధారలు కట్టాయి. "నా మొగున్ని మట్టిల పెట్టి నెల దాటిందిరా! ఏ నోటితోని మాట్లాడిండురా నీతోని? నీ ఇల్లు పాడుగాను!"

అవతల ఠక్కున లైను తెగిపోయింది.

"గోపన్నా, జాగ అమ్మం. ఏమనుకోకు" అని అరుగు మీదికి వినపడేలా చెప్పి, జంగమ్మ గోడకు చేరగిలబడింది.

"మరి పిట్ట కాడ ఇచ్చిన మాట?" కూతురు భయంభయంగా అడిగింది.

"ఆయనకు నేను చెప్పుకుంట తియ్."

భాగ్యలక్ష్మి తల్లి ఒడిలో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. "పోయిననాడు పొద్దున బాపును 'నీకు బుద్ధి లేదా' అన్నమ్మా… నేను ఆయనతోని అన్న ఆఖరి మాట గదేనమ్మా!"

జంగమ్మ కూతురి జుట్టు నిమిరింది.

"అబద్ధమని నాకు ఎరుకే బిడ్డా… నా చేతులతోనే మట్టేసిన. అయినా వాడు 'బాగున్నరు' అంటుంటే, ఇంకో రెండు మాటలు చెప్తే బాగుండనిపించింది. పైసలు వాడు జర మెల్లగ అడిగితే జాగ గూడ ఇచ్చేద్దునేమో! మీ బాపుకు గూడ గిట్లనే అనిపించి ఉంటది."