పదకొండున్నరకు ఒలికిన డ్రమ్ము

తెలియక చేసిన తప్పుకు దేవుడు ఏ శిక్ష వేస్తాడు? దణ్ణం పెట్టుకునే ప్రతిసారీ ఈ సందేహం వస్తుంది. చాలా ఏళ్ళయింది. జవాబు నాకు తెలియదు. మౌని సంగతి మాత్రం తెలుసు.

మౌని సీక్రెట్ ఏజెంట్. మితభాషి కాబట్టి ఆఫీసులో ఆ పేరు పెట్టారు. నవ్వు, కోపం, భయం ఏవీ మొహంలోకి వచ్చేవి కావు. కొన్నేళ్ళుగా లోపల కూడా లేవు.

డ్రమ్ము ఒలకడానికి నాలుగు నెలల ముందు, చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది.

"విదేశీ ముఠా. టార్గెట్, లోహపు పూత వేసే ప్లేటింగ్ ఫ్యాక్టరీలో సయనైడ్ ట్యాంక్. అది డ్రైనేజీలో కలిస్తే మురుగునీటి ప్లాంటులో నీటిని శుభ్రం చేసే సూక్ష్మజీవులన్నీ చస్తాయి. మురుగంతా నేరుగా నదిలోకి. ఊరు తాగేది ఆ నీళ్ళే."

"అనుమానం రాదా సార్?"

"పొరపాటున ఒలికిందంటారు. పొరపాటుకు దోషిని ఎవడు వెతుకుతాడు? వాల్వ్ తిప్పేదెవరో కనిపెట్టు. అక్కడి సేఫ్టీ ఆఫీసర్ మేడమ్ మన మనిషే. కానీ నువ్వెవరో ఆవిడకు తెలియదు."

సేఫ్టీ మేడమ్ అంటే నల్లకళ్ళద్దాలు, పట్టు స్కార్ఫ్, ఆమె వెళ్ళిపోయాక కూడా పోని సెంటు వాసన. వాల్వ్ తిప్పేదెప్పుడో చివరికి ఆమె నుంచే చీఫ్‌కి కబురు వచ్చింది: గురువారం, మధ్యాహ్నం రెండింటికి.

గురువారం పదకొండున్నరకు, నేల తుడిచేవాడి వేషంలో ఉన్న మౌని కళ్ళజోడులోని కెమెరాతో వాల్వులను ఫొటో తీస్తున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. తుడుపు బండి డ్రమ్ముకు కొట్టుకుంది. కుళాయి విరిగింది. కాస్టిక్ ద్రావణం బుడబుడమంటూ నేల జాలీలోంచి డ్రైనేజీలోకి పోయింది.

చెయ్యి దానంతట అదే నీళ్ళ పైపు మీదికి వెళ్ళింది. ఆ ఫ్యాక్టరీలో అందరి అలవాటూ అదే. ఏది ఒలికినా సూపర్‌వైజర్ చూసేలోగా నీళ్ళు కొట్టి జాలీలోకి తోసేస్తారు. నేల మెరుస్తుంది. ఎవరూ ఏమీ అడగరు.

"కడిగేసెయ్," చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు. "వేషం బయటపడితే ప్రాణం మిగలదు."

మౌని పైపు వదిలేశాడు. జాలీ మీద రబ్బరు చాప పరిచి, చుట్టూ ఇసుక పోశాడు. గోడమీది క్యాలెండర్ ఎత్తాడు. దాని కింద దుమ్ము పట్టిన ఫోన్ నంబరు: 'ఒలికితే వెంటనే చెప్పండి.'

"మురుగునీటి ప్లాంట్," ఆపరేటర్ ఆవులించాడు.

"ప్లేటింగ్ ఫ్యాక్టరీ నుంచి. కాస్టిక్. సుమారు వంద లీటర్లు. ఐదు నిమిషాలైంది. పొరపాటు నాదే."

"ఎవరయ్యా నువ్వు?"

"నేల తుడిచేవాణ్ణి."

"పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఈ ఫోన్ మోగడం ఇదే మొదలు బాబూ! ఉండు, మీ వీధి మురుగు కాలువ గేటు దించేస్తున్నా. వచ్చినదంతా ఖాళీ తొట్టిలోకి మళ్ళిస్తా."

ఫోన్ పెట్టేసరికి సెంటు వాసన. మెడ మీద చల్లగా పిస్టల్.

"చీఫ్ పంపిన మనిషెవడా అని నాలుగు నెలలుగా చూస్తున్నా," అంది మేడమ్. "నువ్వేనన్నమాట. ఇక్కడ తుడిచేవాడెవడైనా ఫోన్ చేస్తాడా?"

"రెండింటికన్నారుగా?"

"మీ చీఫ్‌కి అలా చెప్పా. నమ్మాడు, పాపం."

ఆమె రెండో చేత్తో సయనైడ్ వాల్వ్ తిప్పింది. ట్యాంకు అడుగు గొట్టం హోరెత్తింది. భయం వేస్తుందేమోనని మౌని ఎదురుచూశాడు. వేయలేదు.

ఫోన్ మోగింది. మౌని స్పీకర్ నొక్కాడు.

"ఏం బాబూ, వంద లీటర్లన్నావ్, ఇక్కడికి చెరువే వచ్చి పడుతోంది! పర్లేదులే. గేటు దిగాక అర నిమిషానికే వచ్చింది. తొట్టి సరిపోతుంది."

పిస్టల్ పట్టిన చెయ్యి సడలింది. మౌనికి ఆ మాత్రం చాలు. చీఫ్ మనుషులు తలుపు విరగ్గొట్టేసరికి ఆమె చేతులు స్కార్ఫుతోనే కట్టేసి ఉన్నాయి.

"ఒక్క డ్రమ్ముకి ఫోన్ చేశావా?" అంది మేడమ్, ఇంకా నమ్మలేక.

"అవునండీ."

సాయంత్రం ఆఫీసులో చీఫ్ రిపోర్టు రాస్తూ తలెత్తాడు. "డ్రమ్ము ఒలకబోయడం ప్లానేగా?"

"పొరపాటు సార్. అలాగే రాయండి."

చీఫ్ అలాగే రాశాడు. పెన్ను పక్కన పెట్టాడు.

"ఆరేళ్ళ కిందట చెల్లెలి పెళ్ళికి ఒక్కరోజు సెలవడిగావు. మిషనుందని నీ కాగితం చింపేశాను. ఆ రోజు నీకు బాకీ ఉన్నానోయ్. రేపు తీసుకో."

"చెల్లెలికిప్పుడు ఇద్దరు పిల్లలు సార్."

చీఫ్ సెలవు ఫారం ముందుకు తోశాడు. మౌని తేదీ వేసి, కారణం దగ్గర 'చెల్లెలి పెళ్ళి' అని రాశాడు. చీఫ్ చదివి, సంతకం పెట్టాడు.