నలభై నిమిషాలు

రైలుకట్ట పక్క సందులో చివరి ఇంటికి చెడ్డపేరు. అద్దెకు దిగినవాళ్లెవరూ నెల నిండా ఉండలేదు. ఎందుకు ఖాళీ చేశారని అడిగితే— మాట మార్చేవాళ్లు.

అలాంటి కొంపలంటేనే మా తోడల్లుడికి ప్రాణం. పాడుబడ్డ గదుల్ని ఫోటోలు తీసి పెద్ద కళాకారుడైపోయాడు. ఆయనంటే నాకు ఒళ్లుమంట, దాచడమెందుకు! పాతకాలం ఫిల్ము కెమెరా. దీపం వెయ్యడు. కిటికీలోంచి పడే వీధిలైటు వెలుతురులో లెన్సు నలభై నిమిషాలు తెరిచి ఉంచుతాడు. అంతసేపూ ఆయన భార్య, అంటే మా వదిన, ఎదురుగా కుర్చీలో బొమ్మలా కూర్చోవాలి. అలా పదకొండు ఫోటోలు. ఒక్కదాని కిందా ఆవిడ పేరు వెయ్యలేదు.

పన్నెండోది ఆ ఇంట్లో. అది లేకపోతే ఆయన పెట్టబోయే ప్రదర్శనే లేదు.

ఆ సాయంత్రం వదిన ఎదురుతిరిగింది. "నేను రాను. మీ కుర్చీలో మీరే కూర్చోండి!" అని మా ఇంటికొచ్చేసింది.

ఆయన ఒక్కడే వెళ్లాడు. ఖాళీ కుర్చీకే గురిపెట్టి, లెన్సు తెరిచి, తలుపు దగ్గరగా వేసి, బయట మెట్ల మీద కూర్చున్నాడు.

లోపల... అడుగుల చప్పుడు. ఆ తర్వాత కుర్చీ కిర్రుమంది.

పెళ్లాం దిగొచ్చి పెరటి తలుపులోంచి వచ్చిందనుకున్నాడు.

"చచ్చినట్టు వస్తావని తెలుసు," అన్నాడు గొంతు తగ్గించి. "కదలకు."

వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు.

టైమవగానే లోపలికెళ్లి లెన్సు మూశాడు. పంతం కొద్దీ కుర్చీవైపు చూడను కూడా చూడలేదు. కెమెరా సర్దుకుని, తాళం వేసుకుని వచ్చేశాడు. వచ్చిన దారినే ఏడుస్తూ పోతుందిలే అనుకున్నాడు.

మర్నాడు ఫిల్ము కడిగి, ప్రింటు పట్టుకుని మా ఇంట్లోకి ఊడిపడ్డాడు.

"చూడవయ్యా! కదలకన్నాను, రాయిలా కూర్చుంది మీ వదిన!"

నాకు నవ్వొచ్చింది. "మిమ్మల్ని తిడుతూ తెల్లార్లూ ఇక్కడే ఉంది కదండీ!"

ఆయన మొహం పాలిపోయింది.

వదిన వంటింట్లోంచి వచ్చి ప్రింటు లాక్కుంది. కుర్చీలో ఎవరో ఆడమనిషి; తన పెళ్లాం కాదని కూడా ఆయన పోల్చుకోలేదు! ఒళ్లో చేతులు... ముఖం కనురెప్పలతో సహా గీసినట్టుంది.

"పదకొండు ఫోటోల్లోనూ నా ముఖం మసకే," అంది మెల్లగా. "ఊపిరి పీలిస్తే తల కదులుతుంది కదా... ఈవిడకి ఆ బాధ లేదు."

నాకు భయమేసింది, నిజం చెప్తున్నా.

వదిన ప్రింటుని బల్ల మీద బోర్లించి, మొగుడివైపు తిరిగింది.

"కదలకు అన్నారు, సరే... వచ్చేటప్పుడు లెమ్మని చెప్పారా?"