తేనెపెట్టెల మధ్య ముసుగు మనిషి

ఊరి చివరి తేనెపెట్టెల తోటలోకి చీకటి పడ్డాక ఎవరూ పోరు. నవ్వకండి! ఈగలకి భయపడి కాదు. టోపీ అంచు నుంచి మొహం మీదికి నల్లటి వల ముసుగు వేలాడేసుకుని, పెట్టెల మధ్య ఎవడో నిలబడతాడట... కదలడట. పిలిస్తే మాత్రం ఒక్కడుగు ముందుకేస్తాడట.

తేనె తీసేవాడి దెయ్యమే అన్నారందరూ. పోయినేడు అక్కడే ఈగలు కుట్టి కుట్టి, మొహం గుర్తుపట్టలేనంతగా వాచి చచ్చిపోయాడు పాపం. ముసుగేమో ఇంట్లో కొక్కేనికి వేలాడుతూ కనబడింది. "మర్చిపోయి వెళ్ళాడు, ఖర్మ!" అని తేల్చేశాడు వాడి తమ్ముడు.

పెళ్ళానికి ఆ మాట గొంతు దిగలేదు. ముసుగు లేకుండా పెట్టె మీద చెయ్యి వేసే మనిషా ఆయన? దెయ్యమైతే ఏం, మొగుడే కదా! ఆయన్నే అడిగి తేల్చుకుంటానని టార్చి పట్టుకుని బయల్దేరింది.

నిలబడే ఉన్నాడు... ఇటే చూస్తూ.

"ఏమయ్యా..." అంది గుసగుసగా. "ఎట్లా పోయావో చెప్పు. ఇంకేం అడగను."

ఒక్కడుగు ముందుకేశాడు. ముసుగు వెనక ఊపిరి బుస్సుమంటోంది. దెయ్యానికి ఊపిరేమిటి? ఎక్కడలేని కోపం వచ్చి, ముసుగు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

మరిది!

"నువ్వట్రా!"

"జడుసుకుని, పెట్టెలు నాకొదిలేసి పుట్టింటికి పోతావనుకున్నా వదినా," అన్నాడు పళ్ళు కొరుకుతూ. "నువ్వూ వాడిలాగే మొండి. వాడి ముసుగూ ఇట్లాగే లాగేశా. మొహం పెట్టెలోకి అదిమి పట్టా... కొక్కేనికి తగిలించిందీ నేనే."

అంటూనే రెండు చేతులతో గొంతు నులిమాడు. ఆమెకి కళ్ళు బైర్లు కమ్మాయి. టార్చి ఎత్తి కణత మీద ఒక్కటిచ్చింది. నెత్తురు చిమ్మింది. తూలి పెట్టె మీద పడ్డాడు... పెట్టె పగిలింది.

చీకట్లో తేనెటీగలు ఎగరవు, పాకుతాయి. వాడి మెడ మీదికి, కళ్ళలోకి, కేక పెట్టడానికి తెరిచిన నోట్లోకి పాకాయి. కొట్టుకుంటూ ఆమె కాలు పట్టుకున్నాడు, వదల్లేదు. ఈగలు ఆమె మోకాళ్ళు దాటాయి... నడుం దాటాయి... మెడ దగ్గరికొచ్చాయి. ఇక అయిపోయిందనుకుని కళ్ళు మూసుకుంది.

అప్పుడు... వెనక నుంచి ఎవరో ఆమె తల మీద మెల్లగా ముసుగు కప్పారు. గడ్డం కింద తాడు బిగించి ముడేశారు.

తెల్లారి జనం వచ్చేసరికి మరిది శవమై ఉన్నాడు, వాడి ముసుగు పక్కనే చిరిగి పడి ఉంది. ఆమె ఒళ్ళంతా వాచింది గానీ, మొహం మీద ఒక్క కాటు లేదు.

పక్క తోట కాపలావాడు ఆమె తల మీది ముసుగు విప్పాడు. తడి మట్టి రాలింది. "ఎవరిదమ్మా ఇది?"

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా ఆయనదే," అంది. "పాతిపెట్టేటప్పుడు... నా చేతుల్తోనే ఆయన తలకి తొడిగాను."