విరగని పాలు

ఆ ఉదయం సిరిసిల్ల మీద ఆకాశం ఏకిన పత్తిలా ఉంది. ఎండ లేదు. మానేరు వైపు నుంచి గాలి వచ్చి ఆగుతోంది, మళ్ళీ వచ్చి ఆగుతోంది. వాన పడదని అజయ్‌కు తెలిసిపోయింది. గోడ వార చీమలు గుడ్లు మోయడం లేదు. గూఢచారికి ఇలాంటి తెలివి ఎందుకని ఒక ఆఫీసర్ నవ్వాడు ఒకసారి. ఆ ఆఫీసర్ ఇప్పుడు లేడు. అజయ్ ఉన్నాడు.

జేబులో మందుల కంపెనీ రెప్రజెంటేటివ్ కార్డు ఉంది. అక్కా బావా కూడా అతని ఉద్యోగం అదేననుకుంటారు. అసలు జీతమిచ్చే సంస్థకు బోర్డు లేదు. ఆ రోజు పని చిన్నది. మరమగ్గాల షెడ్డులో దుర్గయ్య అనే మనిషిని కలవాలి. ‘కోబాల్ట్’ అనే విదేశీ ముఠా నడిపే రహస్య ల్యాబ్‌లో అతను సీసాలు కడిగేవాడు. అక్కడ తయారయ్యేదేమిటో అర్థమయ్యాక అన్నం సహించక సంస్థకు కబురు పెట్టాడు.

షెడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలన్నీ, నడుస్తున్నాయి. పక్కన తుపాకీ పేలినా వినపడని మోత. నడిపే మనుషులు మాత్రం ఒక్కరూ లేరు. అజయ్ గట్టిగా కోడ్ వాక్యం అడిగాడు, తువ్వాలలు దొరుకుతాయా అని. బతుకమ్మ చీరలకే సాంచాలు ఖాళీ లేవని జవాబు రావాలి. రాలేదు.

దుర్గయ్య చివరి సాంచాకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి కారిన రక్తం నేల మీది తెల్లగుడ్డలోకి పాకుతోంది. అజయ్ అతని నోటి దగ్గర చెవి పెట్టాడు.

“గా కల్లు పులవది, సారూ,” అన్నాడు దుర్గయ్య. “ఎంతసేపున్నా పులవది.”

పిడికిట్లోని చిన్న గాజు సీసాను అజయ్ చేతిలో పెట్టాడు. తర్వాత అతని కళ్ళు చూడటం మానేశాయి.

అప్పుడే వెనక నుంచి నూలుపేట వచ్చి అజయ్ మెడకు బిగుసుకుంది. నూలుకూ గొంతుకూ మధ్య రెండు వేళ్ళు దూర్చగలిగాడు, అంతే. చంపేవాడు బరువైన మనిషి. వీపు మీద మోకాలు పెట్టి గుంజుతున్నాడు. ఊపిరి ఆగితే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. అయినా రక్తం వెంటనే లొంగదు. అందులోని బైకార్బొనేట్ ఆ ఆమ్లాన్ని కాసేపు మింగుతుంది. ఆ కాసేపే నీదని ట్రైనింగులో చెప్పారు. అజయ్ ఆ కాసేపటిలో గింజుకోలేదు. కాళ్ళు వదిలేసి, చచ్చినవాడిలా బరువంతా కిందికి వేశాడు. చంపేవాడు ముందుకు తూలాడు. అజయ్ అతని తలను నడుస్తున్న సాంచా మీదికి వంచాడు. నూలు మోసే ఇనుప మొనల నాడె అటు నుంచి ఇటు వస్తూ అతని కంట్లో దిగింది. అరుపు మోతలో కలిసిపోయింది. చొక్కా చేయి బెల్టుకు చిక్కుకుంది. బెల్టు చేతిని లాక్కుంది, చేతి వెనక మనిషిని లాక్కుంది. గుడ్డ మీద ఎర్రటి చారలు పడుతున్నా సాంచా నేస్తూనే ఉంది.

అజయ్ స్విచ్ ఆపి, సీసా జేబులో వేసుకుని, బండి ఎక్కాడు.

కోరుట్ల బజారులో బషీరున్నీసా లేడీస్ టైలర్ షాపు ఉంది. ముందు గదిలో ఫాల్ కుడతారు, పికో చేస్తారు. తెర వెనక గదిలో మైక్రోస్కోపు, వైర్‌లెస్ సెట్టు, తాళం వేసిన బీరువా ఉంటాయి. బషీరున్నీసా ఒకప్పుడు రక్తం మీద పరిశోధన చేసింది. ఇప్పుడు ఈ ప్రాంతంలో సంస్థకు చీఫ్. ఆమె పక్కన వనిత కూర్చుని ఉంది. సిల్కు చీర, నల్లకళ్ళద్దాలు, గది నిండా సెంటు. కోబాల్ట్ ముఠాలో సంస్థ నాటిన మనిషి ఆమె. ముఠా నాయకుడు క్రోల్‌కు సెక్రటరీగా చేరి అతని నమ్మకం సంపాదించింది.

బషీరున్నీసా అజయ్ మెడ మీది ఎర్రటి గీత చూసి, సీసా అందుకుంది. టీకి తెచ్చిన వేడిపాలు రెండు గ్లాసుల్లో పోసింది. ఒక గ్లాసులో నిమ్మకాయ పిండింది. పాలు విరిగాయి. రెండో గ్లాసులో ముందు ఆ సీసాలోని చుక్కలు వేసి, తర్వాత అంతే నిమ్మరసం పిండింది. పాలు పాలలాగే ఉన్నాయి.

“చూసినవా, బేటా,” అంది.

తర్వాత కోసినట్టుగా వివరించింది. పాలలో ఉండేది ప్రొటీన్. అమైనో ఆమ్లాలు ఒకదానికొకటి పట్టుకుని గొలుసు అవుతాయి, గొలుసు మడతపడి ఒక ఆకారానికి వస్తుంది. ఆ ఆకారంలోనే దాని పనితనమంతా ఉంది. పులుపు తగిలితే ఆ ఆకారం చెడుతుంది. కోబాల్ట్ తయారుచేసిన విషం కూడా ప్రొటీనే. దాన్ని కల్లులో కలపాలని వాళ్ళ ప్లాన్. కల్లు మధ్యాహ్నానికి పులుస్తుంది, కడుపులోనూ పులుపే, విషం విరిగిపోతుంది. అందుకని మన రక్తం చేసే పనిని వాళ్ళు కాపీ కొట్టారు. ఎంత ఆమ్లం చేరినా పులవనివ్వకుండా పట్టి ఉంచే బఫర్‌ను విషానికి తోడిచ్చారు. మనిషిని చంపాక ఆ ప్రొటీన్ మళ్ళీ ఉత్త అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. పోస్ట్‌మార్టంలో అది పప్పు తిన్నవాడి ఒంట్లో ఉండేదానికి వేరుగా కనపడదు. కల్తీకల్లు తాగి చచ్చారని రాసి మూసేస్తారు.

మిగిలింది వనిత చెప్పింది. డెమో ఈ రోజే. జగిత్యాల పొలిమేరలో గౌడుల ఎల్లమ్మ పండుగ. క్రోల్ కెమెరామన్ వేషంలో చావులను షూట్ చేస్తాడు, ఎక్కడో దేశాల్లో కొనేవాళ్ళు చూస్తారు. అక్కడి కల్లు గీత సంఘం పెద్ద పేరు కొమురయ్య.

అజయ్ లేచి నిలబడ్డాడు. కొమురయ్య అతని బావ. తల్లిదండ్రులు పోయాక బుజం మీద మోసి పెంచిన మనిషి. కల్లు గీయడానికి చెట్టెక్కనని అజయ్ ఊరు వదిలిన రోజు నుంచి బావ అతనితో మాట్లాడడు. అజయ్ ఫోన్ చేశాడు. బావ ఎప్పటిలాగే కట్ చేశాడు. పోలీసులను పంపమన్నాడు అజయ్. బషీరున్నీసా తల అడ్డంగా ఊపింది. జీపు కనపడితే క్రోల్ మాయమవుతాడు, రేపు ఇంకో ఊళ్ళో చేస్తాడు, ఏ ఊరో మనకు తెలియదు.

“పసుపు గుడ్డ కట్టిన కుండ,” అంది వనిత. “అది పగలగొడ్తే పని ఖతం.”

ఏ వేషంలో వెళ్ళాలని అడిగాడు అజయ్. బషీరున్నీసా అతని చొక్కాకు ఒక కొత్త గుండీ కుట్టి, పళ్ళతో దారం కొరికింది. నొక్కితే ఆమె మనుషులు వస్తారు.

“బామ్మర్ది వేషం,” అంది. “జర కష్టమే.”

తాళ్ళవనంలో డప్పులు మోగుతున్నాయి. ఎల్లమ్మ గద్దె ముందు కల్లు కుండలు వరుసగా పెట్టారు. పక్కన మూడురాళ్ళ పొయ్యి మీద ఆడవాళ్ళు అమ్మవారి పాలు కాస్తున్నారు. గద్దెకు సాకగా కల్లు ధార పోసేదాకా ఎవరూ కల్లు రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. సాక పోశాక సంఘం పెద్ద మొదట తాగుతాడు. తర్వాత గద్దె ముందు పెట్టిన పెద్దకుండలోదే అందరికీ తలా ఒక తాటాకు రేక నిండా. కుర్తా వేసుకున్న తెల్లమనిషి స్టాండు మీద కెమెరా బిగిస్తున్నాడు. గౌడులు మీసాలు దువ్వుకుని ఫోజులిస్తున్నారు.

కొమురయ్య కొత్త ధోవతి మీద గీత పనివాళ్ళ నడుముపట్టీ, ముస్తాదు, కట్టి, దానిలో గీత కత్తి దోపుకుని ఉన్నాడు. బామ్మర్దిని చూసి మాట అతనితో అనలేదు, పక్కవాళ్ళతో అన్నాడు.

“మందులమ్మెటోడు అచ్చిండు. ఎవలికన్న రోగముందా?”

నవ్వులు లేచాయి. అజయ్ ఆ నవ్వుల మధ్య నుంచే నడిచి, పసుపు గుడ్డ కట్టిన కుండను కాలితో తన్నాడు.

కుండ పగిలింది. డప్పులు ఆగాయి. కొమురయ్య చెయ్యి అజయ్ చెంప మీద పడింది. పెదవి చిట్లి రక్తం నోట్లోకి వచ్చింది. అమ్మవారి కుండను తన్నినోడు మనిషే కాదన్నాడు బావ. అదే సమయంలో పొయ్యి దగ్గర ఒక ఆడమనిషి కెవ్వుమంది. పగిలిన కుండలోని కల్లు చింది పాలలో పడింది. పాలు విరిగాయి. అపశకునమని ఆడవాళ్ళు తిట్టిపోస్తున్నారు.

అజయ్ ఆ పాలనే చూస్తున్నాడు. విరిగాయంటే ఇది పులిసిన కల్లు. మామూలు కల్లు. వనిత అబద్ధం చెప్పింది. సిరిసిల్ల షెడ్డు సంగతి కోబాల్ట్‌కు చెప్పింది కూడా ఆమే.

అతను గుండీ నొక్కాడు. పొయ్యి పక్కన దించి ఉన్న ఇంకో పాలగిన్నె ఎత్తుకుని, కుండ కుండకూ ముంత ముంచి, అందులో కాసిని పాలు పోసి చూస్తూ పోయాడు. విరిగాయి. విరిగాయి. మళ్ళీ విరిగాయి. మందులమ్మి మందులమ్మి పిచ్చిలేసిందని ఎవరో అన్నారు. వరుస అయిపోయింది. మిగిలింది గద్దె ముందున్న పెద్దకుండ. అదెక్కడిదని అడిగాడు. వెల్గటూర్ నుంచి ఒకామె పొద్దున మొక్కు చెల్లించిందట. మధ్యాహ్నమైనా పులుపు వాసన రాలేదని, ఇంత మంచి కల్లు అమ్మవారికే తగునని ముందు పెట్టారట.

కొమురయ్య అప్పటికే సాక పోశాడు. తాటాకు రేక నిండా కల్లు పట్టుకుని ఉన్నాడు. అజయ్ దూకి చేతిలోని పాలు ఆ రేకలో పోశాడు. తెల్లటి కల్లులో తెల్లటి పాలు కలిసిపోయాయి. ఒక్క తునక కూడా తేలలేదు.

“తాగకు, బావా.”

“అందరి ముందట నా ఇజ్జత్ తీసినవు,” అన్నాడు కొమురయ్య. “ఇగ గిది గూడ ఆపుతవా?” రేక నోటి దాకా ఎత్తాడు.

బోనాలెత్తుకున్న ఆడవాళ్ళలోంచి ఒకామె జరిగి వచ్చింది. అజయ్ నడుముకు చల్లటి గొట్టం ఆనింది. ఆ సెంటు అతనికి తెలుసు.

“తాగనియ్యి, అజయ్,” అంది వనిత.

అజయ్ బావ ముస్తాదులోంచి గీత కత్తి లాగి, చుట్టూ ఒకటే విసురు విసిరాడు. బావ పెదవులను తాకుతున్న రేక రెండు ముక్కలైంది, బావ వేలి కొస దానితో పాటే లేచిపోయింది. విసురు ఆగకుండా వెనక్కి తిరిగి వనిత మణికట్టు ఎముకలో దిగింది. పిస్టల్ పేలింది. అజయ్ ఎడమ బుజం మాంసం చీల్చుకుని తూటా బయటికి పోయింది. వనిత తెగిన చేతిని పట్టుకుని మోకాళ్ళ మీద పడి, క్రోల్ వైపు చూసింది. అతని కెమెరా లెన్సు ఆమె వైపు తిరిగింది. అందులోంచి వచ్చింది వెలుగు కాదు, తూటా. ఆమె నుదురు పగిలింది. పట్టుబడే మనిషిని కోబాల్ట్ ఉంచుకోదు.

రెండో గుండు కొమురయ్య పక్కన ఉన్న సంఘం మనిషి భీమయ్య తొడలో దిగింది. అప్పటికి కొమురయ్యకు అర్థమైంది. బుజాన ఉన్న మోకు తీసి విసిరాడు. చెట్టుకూ మనిషికీ మధ్య పడాల్సిన తాడు క్రోల్ మెడకు పడింది. పదిమంది గౌడులు గుంజారు. తెల్లమనిషి నేల మీద దొర్లుకుంటూ వచ్చి తాటిబోదెకు కొట్టుకున్నాడు. ఎముకలు విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. బషీరున్నీసా ఆటో దిగేసరికి అతను బతికే ఉన్నాడు, నిజాలు చెప్పడానికి సరిపోయేంత. ఆమె మనుషులు పెద్దకుండకు మూత బిగించి తీసుకుపోయారు.

సాయంత్రం అక్క లచ్చవ్వ ఇంట్లో చాప పరిచింది. బగారన్నం పెట్టింది, యాటకూర పోసింది. తమ్ముడి కట్టు, మొగుడి కట్టు చూసింది. అజయ్, కొమురయ్య, బషీరున్నీసా పక్కపక్కన కూర్చుని తిన్నారు. మెతుకులు నమిలిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సగం తిన్నాక కొమురయ్య తల ఎత్తకుండానే, తన పళ్ళెంలోని మూలుగ బొక్క తీసి బామ్మర్ది పళ్ళెంలో వేశాడు.

అజయ్ సర్వీసులో అందుకున్న పతకం అదొక్కటే. కారం మాత్రం కొంచెం ఎక్కువైంది.