నాలుగు డిగ్రీల పెట్టె

బహ్రెయిన్‌లో, అస్కర్ అల్యూమినియం కర్మాగారం వెనక మా క్యాంపు. కాంట్రాక్టు కంపెనీలో నేను వడ్రంగిని. పేరు పరమేశ్, మాది జగిత్యాల దగ్గర పల్లె. గదిలో నా పక్క మంచం సోమరాజుది. అతను ఏసీ మెకానిక్, అమలాపురం వైపు మనిషి. వయసులో పెద్ద కాబట్టి సోమన్నా అని పిలిచేవాణ్ణి.

సోమన్న భార్య వీరదుర్గ కూడా బహ్రెయిన్‌లోనే ఉండేది. జింజ్‌లో ఒక ఇంగ్లీషు సాహెబ్ విల్లాలో ఇంటిపని. మూడేళ్ళుగా మొగుడూపెళ్ళాం ఒకే దీవిలో ఉన్నారు. కలుసుకునేది మాత్రం శుక్రవారం, విల్లా గేటు బయట, ఒక గంట. గోడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ మాట్లాడుకునేవాళ్ళు.

1996 వేసవిలో సాహెబ్‌కు ఒక కోరిక పుట్టింది. హోటల్లో మాదిరి ఇంట్లోనే కుళాయి తిప్పి బీరు పట్టుకోవాలి. కుళాయిలు, గొట్టాలు, గ్యాస్ సిలిండర్ తెప్పించుకున్నాడు. బీరు పీపా కూడా వచ్చింది. దాన్ని చల్లగా ఉంచే పెట్టె లేదు. పాత డీప్ ఫ్రీజర్ ఒకటి దొరికితే చేసిపెడతానని సోమన్న చెప్పాడు. సాహెబ్ సంతోషించి ఒక మాట ఇచ్చాడు. వచ్చే శుక్రవారం సాయంత్రం విందు ఉంది. అప్పటికి పెట్టె నడిస్తే మీకు వీసా ఇచ్చిన కఫీల్‌తో నేనే మాట్లాడతాను. విల్లా వెనక గది ఖాళీగా ఉంది. ఇద్దరూ అందులో ఉండండి.

ఆ రాత్రి సోమన్న నిద్రపోలేదు. మంచం కిర్రుమంటూనే ఉంది.

ఫ్రీజర్ క్యాంపులోనే దొరికింది. మెస్సు వెనక, ఇసుకలో, మూతకు గొళ్ళెం ఉన్న పాత పెద్ద పెట్టె. మెస్సు చూసే అబ్బులు ఉల్లిపాయ ఇవ్వాలన్నా పుస్తకంలో సంతకం పెట్టించుకునే మనిషి. ఆ రోజు ఏ సంతకమూ అడగలేదు. తనే ఒక పక్క పట్టి వ్యానులోకి ఎక్కించాడు. చేతులు ఇసుకతో రుద్దుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే జింజ్ చేరాం. సాహెబ్ ఇంట్లో లేడు. గరాజులో పని. దానికి కిటికీ లేదు. ఇనుప షట్టరు దించితే బయట ఎండ ఉన్నదీ లేనిదీ తెలియదు. ఒక ట్యూబులైటు. రంపపు పొట్టు వాసన, పాత రబ్బరు వాసన. వాటి కింద ఇంకో వాసన... తలనొప్పికి రాసుకునే బామ్ లాంటిది. నాకు తల నొప్పి లేదు. సోమన్నకూ లేదు.

పీపా ఎత్తుకు ఫ్రీజర్ మూత పడదు. అందుకని పెట్టెకూ మూతకూ నడుమ చెక్క చట్రం కూర్చాలి. కుళాయిలు చట్రానికే బిగిస్తాం. ఫ్రీజర్ గోడకు తూటు పెట్టక్కరలేదు. ఆ చట్రం నా పని.

"ఏంటి పరమేశూ, చట్రం చేత్తన్నావా, పెళ్ళిపీట చేత్తన్నావా? అంతసేపు చిత్రికేంటి?"

"నీ సంసారం నిలవెట్టే చట్రం గదనే సోమన్నా. వంకర వోతే మల్ల నన్నే తిడ్తవు."

టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ వీరదుర్గ నవ్వింది. "ఈయనకన్నా మరిదికే తొందరగా ఉన్నట్టుందండీ." వెనక గది అప్పటికే రెండుసార్లు కడిగిందట. పటం తగిలించడానికి నా దగ్గర ఒక మేకు అడిగి తీసుకుపోయింది.

చట్రం అయ్యేలోపు సోమన్న ఖాళీ పెట్టెను ఒక అరగంట నడిపాడు. లోపల మంచు ఎలా పట్టిందో చూస్తే గ్యాస్ సరిపోయిందో లేదో తెలుస్తుందట. మూత తీసి ఇద్దరం వంగి చూశాం. గోడలకు మంచు సమంగా, తెల్లగా పట్టింది. అడుగున మాత్రం ఒక చోట పట్టలేదు. ఆ చోటు మూడున్నర అడుగుల పొడవు. ఒక కొస గుండ్రంగా ఉంది. నడుమ వెడల్పు. రెండో కొస మడత పడినట్టు ఉంది.

"ఎవలో ముడుచుకోని పండుకున్నట్టున్నదే" అన్నాను.

"నోరు ముయ్యవయ్యా. గ్యాస్ తక్కువైంది, అంతే."

నేను చెయ్యి పెట్టి చూశాను. చుట్టూ మంచు వేళ్ళకు అంటుకుంది. ఆ చోటు గోరువెచ్చగా ఉంది.

సోమన్న తను తెచ్చుకున్న ఫ్రిజ్ గ్యాస్ ఎక్కించాడు. మూతను చట్రానికి బిగించాం. గొళ్ళెం కొక్కేన్ని కూడా చట్రం మీదికి మార్చాను. తర్వాత సోమన్న, సాహెబ్ తెప్పించిన చలి అదుపు యంత్రం పెట్టాడు. వేడి కొలిచే తీగ పెట్టె నడిమధ్య వేలాడుతుంది. బయట చిన్న డబ్బాలో ఎర్ర అంకెలు కనిపిస్తాయి. నాలుగు దగ్గర ఆగేలా తిప్పి మూత వేశాడు.

మొదట ముప్పై నాలుగు చూపింది. అది గరాజు వేడి. కొంచెంసేపటికి ముప్పై ఐదు. ముప్పై ఆరు. ముప్పై ఏడు దగ్గర ఆగింది.

సోమన్న మూత తీశాడు. చల్లని పొగ లేచింది. అంకెలు గబగబా దిగాయి. ఇరవై, పన్నెండు, తొమ్మిది. మూత వేశాడు. మళ్ళీ ముప్పై ఏడు.

"మూత తీత్తే చల్లబడతది, మూత్తే వేడెక్కుతది. ఇలాంటిది ఎక్కడా సూళ్ళేదు" అన్నాడు. గొంతులో వేళాకోళం పోయింది. గడియారం చూసుకున్నాడు. రెండు దాటింది. "చట్రం సందుల్లోంచి గాలి వెళ్తంది పరమేశూ. నీ పనే."

ఆ మాట నాకు గుచ్చుకుంది. "నా జోడింపుల సందు సూపెట్టు, పని ఇడిశిపెడ్త" అన్నాను.

పెద్ద కోల్డు రూముల్లో పనిచేసేటప్పుడు ఏసీ మెకానిక్‌లకు ఒక పద్ధతి ఉంది. ఒకడు లోపలికి వెళ్తాడు. ఇంకొకడు తలుపు వేస్తాడు. లోపలివాడు చీకట్లో నిలబడి, ఎక్కడి నుంచి వెలుతురు కనిపిస్తే అక్కడ సందు ఉందని గుర్తుపెట్టుకుంటాడు. కోల్డు రూముకు లోపలి నుంచి తెరిచే పిడి ఉంటుంది. దీనికి లేదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఒక్క నిమిషమే కదా అనుకున్నాం.

సోమన్న చెప్పులు విడిచి పెట్టెలోకి దిగాడు. గొంతుకూర్చున్నాడు. "గొళ్ళెం బిగించు. లేకపోతే రబ్బరు అదుముకోదు. నేను తట్టగానే తియ్."

మూత వేశాను. గొళ్ళెం పెట్టాను.

మోటారు మోత. ఇంకేమీ లేదు.

అలవాటుకొద్దీ అంకెల వైపు చూశాను. మనిషి లోపలికి వెళ్ళాడు కదా, ఇంకా పెరగాలి. పెరగలేదు. ముప్పై. ఇరవై రెండు. పదకొండు. ఆరు.

నాలుగు.

అక్కడ ఆగింది. సాహెబ్ కోరిన చలి అదే.

సోమన్న తట్టలేదు. నిమిషం దాటింది. గొళ్ళెం తీసి మూత ఎత్తబోయాను. లేవలేదు. మంచుకు అతుక్కుందనుకుని రెండు చేతులతో లాగాను. మూత వేలెడు లేచింది... లోపలి నుంచి ఎవరో మెల్లగా కిందికి లాక్కున్నారు.

"సోమన్నా! ఏందే ఇది? ఆటనా?"

లోపలి నుంచి మాట వచ్చింది. గొంతు పెద్దగా లేదు. భయం లేదు. నిద్రలో నుంచి మాట్లాడినట్టుంది.

"జరసేపు ఉండనియ్యన్నా... బైట ఉడుకున్నది."

నా వెనక గ్లాసు పగిలింది. వీరదుర్గ. ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

"ఎవరది?" అంది గుసగుసగా. "లోపలెవరు పరమేశూ?"

"సోమన్ననే వదినా."

"మా ఆయన అలా మాట్లాడతాడా?"

మాట్లాడడు. ఆ మాట సోమన్నది కాదు. మా దిక్కు మాట. మా ఊళ్ళో, మా వాడకట్టులో వినే మాట.

"ఏవయ్యా!" ఆమె మూత మీద రెండు చేతులతో కొట్టింది. "ఏవయ్యా, పలుకు!"

"తియ్యకుర్రి" అంది లోపలి గొంతు. "ఇప్పుడిప్పుడే సల్లగైతున్నది."

మేకులు పీకే కడ్డీ తీసుకున్నాను. మూత బందులు చట్రంలోకి దిగి ఉన్నాయి. చట్రం చీలిస్తే తప్ప ఊడవు. కడ్డీ ఆనించి ఒక్క క్షణం ఆగాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

"ఇది వలిగితే గది పోతది వదినా."

"ఎవరిక్కావాలయ్యా గది! పగలగొట్టు!"

చెక్క చీలింది. మూత పక్కకు పడింది.

గొంతుకూర్చుని వెళ్ళిన మనిషి అడుగున ముడుచుకుని పడుకుని ఉన్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. కనురెప్పల మీద మంచు. ఇద్దరం లాగి ఎండలో పడుకోబెట్టాం. ఆమె అరచేతులూ అరికాళ్ళూ రుద్దింది, ఏడుస్తూ తిట్టింది, తిడుతూ రుద్దింది. పావుగంటకు కళ్ళు తెరిచాడు. ముందు నన్ను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న కొత్తవాళ్ళను చూసినట్టు చూశాడు.

సాహెబ్ వచ్చి విందు మానుకున్నాడు. డాక్టరును పిలిపించాడు. బీరుకు వాడే గ్యాస్ బరువైనది, కారి పెట్టె అడుగున చేరి ఉంటుంది, అది పీల్చి స్పృహ తప్పాడని డాక్టరు చెప్పాడు. సబబుగానే ఉంది. నేను వెళ్ళి బీరు గ్యాస్ సిలిండర్ చూశాను. దాని సీలు ఇంకా తీయలేదు.

తన ఇంట్లో మనిషి పోబోయాడని సాహెబ్ బెదిరాడో, జాలిపడ్డాడో తెలియదు. ఆ వారంలోనే కఫీల్‌తో సంతకం పెట్టించాడు. సోమన్న సామాను నేనే సర్ది పంపాను. మూడేళ్ళు ఎదురుచూసిన గది అలా దొరికింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అబ్బులును మెస్సులో పట్టుకున్నాను. అందరూ తిని వెళ్ళిపోయారు.

"గా పెట్టెల ఎవలు సచ్చిండ్రు?"

అతను బల్ల తుడుస్తూనే ఉన్నాడు. "నీకెవరు చెప్పారు?"

"ఎవలు జెప్పలె."

గుడ్డ ఆగింది. "రెండేళ్ళయింది. నువ్వూ సోమరాజూ అప్పటికి ఈ క్యాంపుకు రాలేదు. నాలుగు రోజులు గదుల్లో ఏసీలు లేవు. మీవాడే, లింగన్నని, వడ్రంగి. ఎండదెబ్బ తిని, తలకి బామ్ పట్టించుకుని, ఖాళీ పెట్టెలో పడుకున్నాడు. మూత తెరుచుకునే పడుకున్నాడు పాపం."

"మరి మూత ఎవలేసిండ్రు?"

"తెరిచున్న మూత కనపడితే నేనేం చెయ్యాలి?" అన్నాడు అబ్బులు. "లోపలికి చూశానా ఏంటి? మూసి గొళ్ళెం పెట్టాను. అది నా డ్యూటీ."

మళ్ళీ బల్ల తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడిచాడు.

రెండు శుక్రవారాలు పోయాక, పగలగొట్టిన చట్రం బాగుచేసి ఇద్దామని పలకలు పట్టుకుని జింజ్ వెళ్ళాను. గరాజు షట్టరు ఎత్తి ఉంది. పెట్టె నడుస్తోంది. కొత్త చట్రం, రెండు మెరిసే కుళాయిలు. మూలలు చూశాను. మేకు లేదు. పళ్ళలో పళ్ళు దించిన జోడింపు, మా దిక్కు వడ్రంగులు గడపలకు వేసేది. సోమన్న ఏనాడూ ఉలి పట్టినవాడు కాదు.

వీరదుర్గ వెనక గది మెట్టు మీద కూర్చుని ఉంది. పన్నెండు గంటల ఎండ ఆమె నెత్తిన పడుతోంది. తలుపు వెనక ఏసీ మోగుతోంది.

"లోపల గూసోవచ్చు గదా వదినా."

"ఆయన ఉన్నాడు లోపల."

"పానం మంచిగున్నదా?"

"బానే ఉంది. ఏ పని చెప్పినా చేత్తన్నాడు. సాయెబు మెచ్చుకుంటన్నాడు." చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. "మంచం మీద పడుకోడు పరమేశూ. గుమ్మం దగ్గర నేల మీద పడుకుంటాడు, పరాయి ఇంటికొచ్చినట్టు. నా వైపు తలెత్తి చూడడు. చాలా మర్యాదస్తుడు."

ఆ చివరి మాట వినగానే పలకలు గోడకు ఆనించి ఆమె వైపు తిరిగాను.

తలుపు తెరుచుకుంది. సోమన్న రెండు గ్లాసులతో బయటికి వచ్చాడు. అదే ముఖం, అదే మీసం, ఎడమ చేతి మీద అదే కాలిన మచ్చ. నన్ను చూసి నవ్వాడు.

"చాయ్ తాగన్నా. శాన దూరంకెల్లి వచ్చినవు." రెండో గ్లాసు వీరదుర్గ వైపు చాపాడు. కళ్ళు నేలకు దించుకునే ఉన్నాయి. "నువ్వు గూడ తాగు అక్కా. ఎండల గూసున్నవు."

ఆమె గ్లాసు అందుకోలేదు. మెట్టు మీద పెట్టి అతను లోపలికి వెళ్ళాడు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసుకున్నాడు.

వీరదుర్గ నా వైపు వంగింది. పెదవులు మాత్రమే కదిలాయి.

"మా ఆయన ఎక్కడున్నాడో అతన్ని నువ్వడుగు పరమేశూ. మీ మాట మీకు తెలుత్తది. నేనడిగితే... గరాజు వైపు చూసి, 'ఆయినెకు మంచిగనే ఉన్నది అక్కా, లేపకు' అంటన్నాడు."

నేను అడగలేదు. చేతిలో గ్లాసు ఉంది కాబట్టి తాగాను. తాగుతూ ఆమెను చూశాను. కళ్ళు తుడుచుకుని లేచింది. గరాజులోకి వెళ్ళింది. పెట్టె పక్కన స్టూలు వేసుకుని, మూత మీద చెయ్యి ఆనించి కూర్చుంది. ఊళ్ళో ఎవరి పెళ్ళి అయిందో, ఎవరికి పాప పుట్టిందో మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

సరిగ్గా ఒక గంట కూర్చుంది. మధ్యమధ్య ఆగి, తల ఊపింది. రెండుసార్లు నవ్వింది.