నాగావళిలో అనలేని మాట

"విజయనగరానికి ఒకటి," అంటూ ఆ అమ్మాయి చిల్లరతో పాటు ఒక కరపత్రం కూడా కౌంటరులోకి తోసింది. 'ప్రభువు నిన్ను పిలుస్తున్నాడు' అని ఉంది దాని మీద.

ఆమదాలవలస స్టేషన్లో బుకింగ్ క్లర్కు అప్పలసూరి టికెట్టుతో పాటు తన సొరుగులోంచి ఒక కరపత్రం తీసి ఆమెకిచ్చాడు. 'దేవుడు లేడు, మనిషే ఉన్నాడు.' అతనే రాసి అచ్చు వేయించింది.

మరుసటి శనివారం అది తిరిగొచ్చింది, ఒళ్లంతా ఎర్ర సిరాతో.

"పదకొండు తప్పులండీ! దేవుడి సంగతి తరవాత సూద్దాం, ముందు ఒత్తులు దిద్దుకోండి."

"టీచరేటండీ మీరు?"

"మిషన్ స్కూల్లో. జ్ఞానసుందరి. మీ పేరేటి?"

"అప్పలసూరి."

ఆమె పకపకా నవ్వింది. "దేవుడే లేడంటారు, సింహాచలం అప్పన్న పేరెట్టుకున్నారే!"

"మాయమ్మ పెట్టినాదండీ. నన్నడిగినాదేటి?"

అది అరవయ్యారో సంవత్సరం, వానాకాలం. ప్రతి శనివారం ఆమె విజయనగరంలో అక్క ఇంటికి వెళ్లేది. ప్యాసింజరు ఆలస్యమైతే స్టేషనంతా రైల్వేని తిట్టేది, వీళ్లిద్దరూ తప్ప. జల్లు కొడితే ఆమె కౌంటరు వైపు జరిగేది, అతను కిటికీ వైపు. దేవుడున్నాడని ఆమె, లేడని అతను. ఎవరూ నెగ్గలేదు. ఏడాది తిరిగేసరికి మాత్రం వారంలో మిగతా ఆరు రోజులు అప్పలసూరికి ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

ఆమె తండ్రి సీమోను చర్చిలో సంఘ పెద్ద. అప్పలసూరి వెళ్లి పిల్లనడిగితే ఆయన కోప్పడలేదు.

"కులం అడగను బాబూ. బాప్తిస్మం తీసుకో, పిల్లనిస్తాను."

అప్పలసూరి సరేనన్నాడు.

అది తెలిసి జ్ఞానసుందరి శనివారం కాకపోయినా స్టేషనుకొచ్చింది.

"నమ్మకం కుదిరినాదా?"

"లేదు. ఒక్క మాటే కదా, అనేస్తాను."

"నా బాప్తిస్మానికి ముందు, ఆ ఒక్క మాట అనడానికి నాను రెండేళ్లు ఆలోసించినాను. నా కోసం మీరు అబద్ధమాడితే, నాకు దక్కేది మీరు కాదు, ఇంకెవరో."

"మీరు దక్కకపోతే నానేటైపోవాలి?"

ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆదివారం అప్పలసూరి నాగావళిలో నడుం లోతు నీళ్లలో నిలబడ్డాడు. సంఘమంతా ఒడ్డున ఉంది. పాస్టరు అతని భుజం మీద చెయ్యేసి అడిగాడు.

"ప్రభువుని నమ్ముతున్నావా?"

'అవును' నోటిదాకా వచ్చింది. ఒడ్డున జ్ఞానసుందరి తల దించుకుని ఉంది.

"నమ్మడం లేదండీ. క్షమించండి."

తడిబట్టలతో గట్టెక్కి వస్తుంటే సీమోను దారికి అడ్డం నిలబడ్డాడు. సిగ్గుతో, కోపంతో ఆయన అన్నాడు: "మా పిల్లకి ఉత్తరం ముక్క రాయనని మాటియ్యి." అప్పలసూరి ఇచ్చాడు. ఆమె అప్పుడు తలెత్తి చూసింది. కళ్లనిండా నీళ్లు.

అతను కొత్తవలసకి బదిలీ చేయించుకున్నాడు. కిరండూలు లైను మీద ఇనుప ఖనిజం గూడ్సులు కొత్తగా తిరుగుతున్న రోజులు. శనివారం ప్యాసింజరు రాగానే పని వదిలేసి పెట్టె పెట్టెకీ చూసేవాడు. విజయనగరంలో దిగిపోయే మనిషి ఇంతదూరం రాదని తెలుసు. అయినా చూసేవాడు. జనం ప్రార్థనలు ఎందుకు చేస్తారో అతనికి అప్పుడు అర్థమైంది. చెయ్యలేదు గానీ, అర్థమైంది.

అలా రెండేళ్లు.

ఒక మధ్యాహ్నం ప్యాసింజరు దిగి సీమోను వచ్చాడు, గొడుగు ఊతంగా పట్టుకుని.

"మూడు సమ్మందాలు తిప్పేసినాది మా పిల్ల. ఆ ముగ్గురూ మాటకి ముందు స్తోత్రం అన్నోళ్లే. ఒకడికి అప్పుడే పెళ్లయిపోయి ఉన్నాది! ఏటి సూసినావే ఆ దేవుడు లేనోడిలో అని అడిగినాను. 'నమ్మనిది నమ్ముతున్నానని అనలేక నన్నే వదులుకున్నాడు నాన్నా' అన్నాది." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "రిజిస్టరు పెళ్లి సేసుకోండి. సాచ్చి సంతకం నాను పెడతాను. ప్రార్థన మాత్రం మానను."

"సెయ్యండి. నాను పక్కనే నిలబడతాను. కళ్లు మాత్రం మూయలేను."

"మూస్తావని నానూ అనుకోలేదులే. రా."

ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద జ్ఞానసుందరి కూర్చుని ఉంది. కొంచెం చిక్కింది. అతన్ని చూసి లేచింది.

సీమోను అక్కడే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆమె కూడా చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

అప్పలసూరి మూయలేదు. ఆ కనురెప్పల్ని, వాటి కింద నిలిచిన తడిని, చెవి పక్కన చెదిరిన జుట్టుని, రెండేళ్ల ఆకలీ తీరేలా చూస్తూ నిలబడ్డాడు. పెద్దాయన ప్రార్థన ఇంకాసేపు సాగితే బాగుండుననిపించింది.