చిత్తారి గేరిలో కుడివైపు

కర్నూలు కొండారెడ్డి బురుజుకి ఎదురుగా సిమెంటు బెంచీ మీద కూర్చున్న మనిషి చనిపోయి ఉన్నాడు. చెవుల్లోని ఇయర్‌ఫోన్లు మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాయి. ఆడ గొంతు. తీరిగ్గా, తీయగా బురుజు చరిత్ర చెబుతోంది.

పోలీసులు గుండెపోటని రాసుకున్నారు. అలా రాయమని చెప్పింది బ్యూరో. చనిపోయిన కంబన్న ఆ గూఢచారి బ్యూరో ఏజెంటు.

ఆ కబురు అందేసరికి ఏజెంట్ ఉమామహేశ్వర కడప జిల్లా గండికోటలో ఉన్నాడు. 'మిడత' అనే విదేశీ ముఠా మనిషి ఆ పొద్దున కోటకు వస్తాడని టిప్. లోయ అంచున సెల్ఫీలు తీసుకుంటున్న కాలేజీ పిల్లలు తప్ప ఎవరూ కనబడలేదు. ఫోన్ రాగానే కారెక్కి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయకుండా కర్నూలు చేరాడు.

వన్ టౌన్‌లో ఒక చీరల కొట్టు మేడ మీద చీఫ్ రాఘవేంద్రప్రసాద్ ఎదురు చూస్తున్నాడు. టేబుల్ మీద విప్పదీసిన ఇయర్‌ఫోన్.

"లోపల సూది ఉంది. విషం. రిమోట్ నొక్కితే దిగుతుంది. రేంజ్ తక్కువ, ఒక వీధి దూరం. అంటే కంబన్నను చంపిన మనిషి దగ్గర్లోనే ఉండి చూస్తూ నొక్కాడు."

"కంబన్న చెవిలోకి ఇదెలా వచ్చింది సార్?"

"వసంతకుమార్ అని, ఊరి బయట క్షిపణి పరీక్షా కేంద్రంలో ఇంజనీరు. అతనికి వచ్చిన పార్శిల్‌ని కంబన్న దారిలో పట్టుకున్నాడు. పెట్టుకుని చూద్దామనుకున్నాడు, పాపం. మిడత వాళ్లు వసంతకుమార్‌కి ఇంకో జత పంపారు. గైడెన్స్ కోడ్ ఉన్న మెమరీ కార్డు అతని జేబులో ఉంది. ఇవాళే చేతులు మారాలి. ఎక్కడో తెలీదు. దారి మాత్రం దీనిలో ఉంది."

చీఫ్ రికార్డింగ్ ప్లే చేశాడు. ఉమామహేశ్వర టేబుల్ మీదికి వంగి విన్నాడు.

"ఇది నా నడక సార్."

మూడేళ్లుగా కర్నూలు పాతబస్తీలో అతని కవర్, అంటే పైకి చెప్పుకునే పని, అదే. గైడు అవసరం లేకుండా, యాప్ పెట్టుకుని ఫోన్‌లో వింటూ ఎవరికి వారే తిరిగే నడక. ఏ మలుపులో నిలబడితే ఆ మలుపు కథ దానంతట అదే మొదలవుతుంది; అక్కడికి వెళ్తేగానీ వినబడదు. రాసింది అతను. చదివింది అతని పార్ట్‌నర్ శశికళ. కాగితాల మీద ఇద్దరూ భార్యాభర్తలు. అది బ్యూరో కల్పించిన కవర్. రెండో ఏడాది వచ్చేసరికి 'కవర్' అనే మాట వాళ్లిద్దరి మధ్య వినబడటం మానేసింది.

"ఇక్కడ ఎక్కువసేపు ఆగకండి," అంది రికార్డింగ్‌లో శశికళ.

"ఈ వాక్యం మనం పెట్టిందేనా?" చీఫ్ అడిగాడు.

"కాదు సార్."

"యాప్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది?"

"నా దగ్గర."

"ఇంకా?"

రెండోది శశికళ దగ్గర ఉందని ఉమామహేశ్వరకి తెలుసు. గండికోట టిప్ ఇచ్చింది కూడా శశికళే. ఆ సంగతి చీఫ్‌కి చెప్పాలని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆమె కణతకి ఎవరో పిస్టల్ పెట్టి చదివించి ఉంటారు. అలా జరిగి ఉండాలని అతనికి గట్టిగా ఉంది.

చీఫ్ ఫోన్ మోగింది. విని పెట్టేశాడు. "వసంతకుమార్ బురుజు దగ్గర దిగాడు. నువ్వు ముందు నడువు. మారిన మాటలు పట్టుకోగలిగేది నువ్వొక్కడివే. అతన్ని ముట్టుకోవద్దు. ఎవరో చూస్తుంటారు. అనుమానం వస్తే నొక్కేస్తారు."

పెట్టుడు గడ్డం, ఎండ టోపీ, సెల్ఫీ స్టిక్‌లో కెమెరా. మే నెల ఎండకి పాతబస్తీ అంతా తలుపులు దగ్గరేసుకుని ఉంది. ఉమామహేశ్వర తన సొంత నడకలో టూరిస్టులా నడిచాడు. చెవిలో శశికళ. నవాబుల సంగతి, రాతి గడపల సంగతి, మిద్దెల మీద ఎండబెట్టే మిరపకాయల సంగతి. అన్నీ అతను రాసిన మాటలే. వాటి మధ్య అక్కడక్కడ అతనిది కాని వాక్యం ఒకటి. "వెనక్కి తిరిగి చూడకండి." గొంతులో బెదురు లేదు. వణుకు లేదు. పిస్టల్ ఎదురుగా చదివే మనిషి అలా చదవలేదు.

చిత్తారి గేరి అనే వీధిలో దారి రెండుగా చీలుతుంది. తను రాసింది అతనికి బాగా గుర్తు: 'కుడివైపు తిరగండి. మల్లెల వాసన వస్తే పూల బజారుకి దారి తప్పనట్టే.'

చెవిలో శశికళ అంది: "ఎడమవైపు తిరగండి. నీలం తలుపు ఇంట్లోకి వెళ్లి, పెరటి తలుపు దాటితే హంద్రీ ఒడ్డు. అక్కడున్న మనిషిని, ఏట్లో నీళ్లున్నాయా అని అడగండి."

నీలం తలుపు, నడక మొదలైనప్పటి నుంచీ వాళ్లిద్దరికీ తెలిసిన ఉరుకుందమ్మ ఇల్లు. ఆమె వాకిట్లో చేటతో బొరుగులు చెరుగుతోంది.

"ఏమప్పా ఉమా, గడ్డం అంటించుకుంటే గుర్తు పట్టననుకుంటివా?"

"మెల్లగా, అమ్మా. శశి వచ్చిందా?"

"పొద్దున్నే వచ్చె. ఎనక తలుపు గడియ తీసిపెట్టమన్నాది. మీ సుట్టం వస్తాండాడంట, ఏటికి దగ్గర దారంట. ఇంతసేపూ ఆడనే ఉండాది, ఒడ్డున. ఎండలో ఉండొద్దు తల్లీ, లోపలికి రా అంటే ఇనలే."

"ఎవరైనా తోడు వచ్చారా? బెదిరించి తెచ్చినట్టు..."

"యాడిదప్పా! ఒక్కతే వచ్చె. శానా బాగుండాది ఈ పొద్దు. కొత్త చీర కట్టినాది."

గోడకి చెయ్యి ఆనించాడు ఉమామహేశ్వర. ఇంక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"ఒళ్లు బాగలేదా నాయనా? నీళ్లు తెస్తా ఉండు."

ఆమె లోపలికి వెళ్లగానే చీఫ్‌కి ఫోన్ చేశాడు. "శశికళే సార్. హంద్రీ ఒడ్డున ఉంది. గండికోట టిప్ కూడా ఆమెదే. నేను ముందే చెప్పాల్సింది."

"తిట్టడానికి టైమ్ లేదు. వసంతకుమార్ గేరిలోకి వచ్చేశాడు. పట్టుకోమంటావా?"

"వద్దు. ఇక్కడ చిన్న గలాటా అయినా ఆమె నొక్కేస్తుంది. అతన్ని రేంజ్ దాటించాలి. అసలు రికార్డింగ్ యాప్‌లోకి ఎక్కిస్తే అతను కుడివైపు పోతాడు."

"అది తుడిచేసింది కదయ్యా!"

"నా ఫోన్‌లో ఉంది సార్."

దూర ప్రయాణాల్లో రాత్రిళ్లు వినడానికి దాచుకున్నాడు. ఆ మాట చీఫ్‌కి చెప్పలేదు. ఫైల్ పెట్టి అప్‌లోడ్ నొక్కాడు. స్క్రీన్ మీద నీలం గీత నత్తలా కదిలింది. సగం దగ్గర ఆగింది. పాతబస్తీ సిగ్నల్.

వీధి మలుపులో వసంతకుమార్ కనబడ్డాడు. సన్నగా, చెమటలు కక్కుతూ, జేబు మీద చెయ్యి వేసుకుని వస్తున్నాడు. గీత కదిలింది. అతను దారి చీలే చోటికి వచ్చి ఆగాడు. ఎడమవైపు, నీలం తలుపు వైపు చూశాడు.

గీత నిండింది.

వసంతకుమార్ తల వంచి విన్నాడు. అసలు రికార్డింగ్‌లో మల్లెల మాట దగ్గర శశికళకి నవ్వొచ్చింది. ఆ రోజు పక్కనే ఎవరి మేకో అరిచింది. ఆ నవ్వు బాగుందని ఉమామహేశ్వర కత్తిరించలేదు. ఇప్పుడు ఆ నవ్వు విని వసంతకుమార్ కూడా తనకి తెలియకుండానే కాస్త నవ్వాడు. కుడివైపు తిరిగి, మల్లెల వాసన వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

"పూల బజారులో జామర్ పెట్టండి సార్," అని ఫోన్ పెట్టేసి, ఉమామహేశ్వర పెరటి తలుపు తోశాడు.

శశికళ గట్టు మీద నీడ గొడుగు పట్టుకుని, ఏటివైపు తిరిగి నిలబడి ఉంది. నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు కోడుమూరు చీర. ఎండ ఆమె దగ్గరికి వచ్చి ఆగిపోయినట్టుంది.

"ఏట్లో నీళ్లున్నాయా?"

"అడుగు తడవదు," అని చెయ్యి చాచి అప్పుడు తిరిగింది. ఆ చెయ్యి గాలిలో ఆగిపోయింది. "నువ్వు గండికోటలో ఉండాలి."

"లోయ చాలా బాగుంది. నువ్వు చెప్పిన మనిషే లేడు."

ఆమె బొటనవేలు గొడుగు పిడి మీద మీటను నొక్కింది. మళ్లీ నొక్కింది. గోడ అవతల ఎవరూ అరవలేదు, ఎవరూ పడలేదు. ఉరుకుందమ్మ చెంబు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అతను పూల బజారులో ఉన్నాడు," అన్నాడు ఉమామహేశ్వర. పిస్టల్ తీశాడు. "గొడుగు కింద పెట్టు. ఎప్పటి నుంచి, శశీ?"

ఆమె గొడుగు కింద పెట్టింది. "నడక మొదలుపెట్టక ముందు నుంచే. పాతబస్తీలో ఇలాంటిది చేద్దామని ముందు అన్నది ఎవరో గుర్తు తెచ్చుకో."

ఇన్నాళ్లూ అది తన ఆలోచనే అనుకున్నాడు. ఒక సాయంత్రం టీ తాగుతూ ఆమె ఏదో అనడం, తను ఉత్సాహపడటం ఇప్పుడు గుర్తొచ్చింది.

"మల్లెల దగ్గర నవ్వావే. అది కూడా వాళ్లు నేర్పిందేనా?"

"ఏ నవ్వు?" అంది శశికళ. నిజంగానే ఆమెకి గుర్తు లేదు.

అతని చేతిలో పిస్టల్ కాస్త కిందికి దిగింది. ఆమె అది గమనించింది. గొంతు మెత్తబడింది.

"నిన్ను దూరంగా పంపింది ఈ గొడవలో నీకేమీ కాకూడదనే, ఉమా. అదొక్కటి నమ్ము."

బ్యూరో మనుషులు గట్టు వెంట వచ్చి ఆమెను తీసుకెళ్లేవరకూ ఉమామహేశ్వర ఆ మాట నమ్మాడు. ఆ తర్వాత కూడా కాసేపు నమ్మాడు. మెమరీ కార్డు దొరికిందని, వసంతకుమార్ మల్లెపూల బుట్టల మధ్య కూర్చుని భోరున ఏడ్చాడని చీఫ్ వచ్చి చెబుతున్నప్పుడు కూడా నమ్ముతూనే ఉన్నాడు.

"ఇంకో సంగతి," చీఫ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "గండికోట దారిలో ఇద్దర్ని పట్టుకున్నారు. రైఫిల్ దొరికింది. వాళ్ల ఫోన్‌లో నీ ఫొటో. కంబన్న చావు కబురు విని నువ్వు తొందరగా బయల్దేరావు కాబట్టి సరిపోయింది."

ఉమామహేశ్వర గట్టు అంచుకి నడిచాడు. గడ్డం పీకేసుకుని హంద్రీలోకి విసిరాడు. నీళ్లు లేవు కాబట్టి అది ఇసుకలోనే పడి ఉంది.

కవర్ కొనసాగాలని పైనుంచి ఆర్డర్ వచ్చింది. నడకను మొదటి నుంచి చివరి వరకూ ఉమామహేశ్వర తన గొంతుతోనే మళ్లీ చదివి పెట్టాడు. వారం తిరక్కుండానే బెంగళూరు టూరిస్టు ఒకరు యాప్‌లో రివ్యూ రాశారు.

"సమాచారం బాగుంది. కానీ కుడివైపు తిరగమని చెప్పడానికి గైడుకి అంత కోపం దేనికి? రెండు స్టార్లు."